ఎండిన చెరువులో ఊపిరి

నడి వేసవిలో జనగామ వైపు చెరువులను చూస్తే గుండె చెరువవుతుంది. కట్ట ఉంటుంది, తూము ఉంటుంది, మత్తడి రాళ్లుంటాయి, కట్టమైసమ్మ గద్దె మీద పసుపు కుంకుమలుంటాయి. నీళ్లే ఉండవు. శిఖమంతా పలకలు పలకలుగా నెర్రెలు వారి, ఆ నెర్రెల్లో అరచెయ్యి నిలువునా దూరుతుంది. సముద్రం ఇక్కడికి రెండు వందల కిలోమీటర్లకు పైనే. అయినా వలను నమ్ముకుని బతికే ఇళ్లు ఊరూరా ఉన్నాయి. ముదిరాజులు, బెస్తలు, గంగపుత్రులు. వాళ్ల తీరం వానతో వస్తుంది, ఎండతో పోతుంది.

పాలకుర్తి దారిలో అలాంటి ఒక చెరువులోకి నేనూ దిగాను. గడ్డపార భుజానేసుకుని ఓ పెద్దాయన చెప్పుల్లేకుండా ముందు నడుస్తున్నాడు. తూము ముందరి గుంట దగ్గర ఆగి, కాలి బొటనవేలితో నేలను నొక్కి చూశాడు. "ఈడ మెత్తగున్నది బిడ్డా" అన్నాడు. ఎండి పెచ్చుకట్టిన మట్టిని గడ్డపారతో లేపి, మోచేతి దాకా చెయ్యి పెట్టి, నల్లటి బురదలోంచి మూరెడు కొర్రమట్టను బయటికి తీశాడు. పాము తల, ఒళ్లంతా జిగట. రెండు చేతుల్లోనూ నిలవకుండా గింజుకుంటోంది. నీటిచుక్క లేని చెరువులో బతికున్న చేప!

మూడు దొరికాయి. రెండు సంచిలో వేసుకున్నాడు. మూడోది, అన్నిటికన్నా పెద్దది, దాన్ని మళ్లీ అదే గుంటలో పెట్టి, బురద కప్పి, పైన తడి తుంగ పరిచాడు.

"పెద్దదాన్నే వదిలేసినవేంది తాతా?"

"ఇత్తనం ఉండొద్దా మరి?"

కొర్రమట్ట, అదే కొర్రమీను, తెలంగాణ రాష్ట్ర చేప. దాని తలలో మొప్పలకు పైన చిన్న గదిలాంటి ఖాళీ ఉంటుంది. నీటి మీదికి తల ఎత్తి గాలిని గుటక వేసి ఆ గదిలో నింపుకుంటుంది. మొప్పలొక్కటే దానికి చాలవు. పైకి రానివ్వకుండా వలలో నీటి అడుగునే బిగిస్తే, నీళ్లలో ఉండీ ఊపిరాడక చస్తుంది. చెరువు ఎండినప్పుడు అడుగు బురదలోకి దూరిపోతుంది. చర్మమూ ఆ గాలి గదీ తడి ఆరనంత కాలం, ఒంట్లోని కొవ్వును కరిగించుకుంటూ వాన కోసం కాచుకుంటుంది. సంతలో బొచ్చె, రవ్వు ఐసు మీద పడుంటే కొర్రమట్ట జానెడు నీళ్ల టబ్బులో మెదులుతుండడానికి కారణం కూడా ఈ ఊపిరే. మృగశిర కార్తె నాడు హైదరాబాద్ నాంపల్లి మైదానంలో చేప మందు కోసం వచ్చినవాళ్ల గొంతులోకి జారేది కూడా కొర్రమీను పిల్లే.

ఇదే పాలకుర్తి మండలంలో ఉంది బమ్మెర, పోతన గారి ఊరు. ఆయన భాగవతం అష్టమ స్కంధంలో సత్యవ్రతుడు నదిలో దోసిలి పడితే అందులోకి ఒక చేపపిల్ల వస్తుంది. కమండలంలో వేస్తే కమండలం చాలదు, చెరువులో వేస్తే చెరువు చాలదు. ఆ కథ సంస్కృత మూలంలో ఉన్నదే. కానీ నీటి కోసం ఆకాశం కేసి చూసే ఈ నేల మీద నిలబడి తలుచుకుంటే, దోసెడు నీళ్లలో చేపను కాపాడటం ఎంత పెద్ద మాటో తెలిసింది నాకు.

కొర్రమట్టకున్న ఈ ఓపిక బొచ్చెకూ రవ్వుకూ లేదు. పారే వరద నీరు లేనిదే అవి గుడ్లు పెట్టవు, నిలువ నీటి చెరువులో ఎంత పెరిగినా పిల్లలుండవు. 1957 జూలై 10న ఒడిశాలో శాస్త్రవేత్త హీరాలాల్ చౌధురి హార్మోన్ సూదితో వాటి జాతి చేపల చేత గుడ్లు పెట్టించాకే ఊరూరికీ చేపపిల్లల సరఫరాకు దారి పడింది. తెలంగాణ ప్రభుత్వం 2016లో ఉచితంగా చేపపిల్లలను చెరువుల్లో వదలడం మొదలుపెట్టింది. సంఘాలకు దాంతో ఆసరా దొరికింది, మంచిదే. అయితే పూడిక తీసేటప్పుడు ఒడ్డున ఉన్న తుంగనూ జమ్మునూ కూడా గీకేస్తే కొర్రమట్టకు గూడు పోతుంది. ఆ పచ్చటి అంచును కాస్త వదిలేయండని ప్రతి ఊళ్లోనూ చేతులు జోడించి అడగాలనిపిస్తుంది నాకు.

కాకతీయుల నాడు ఈ సీమలో చెరువులకు సముద్రాలని పేర్లు పెట్టారు. భూపాలపల్లి జిల్లా గణపురంలో ఉన్నది గణపసముద్రం. మహబూబాబాద్ జిల్లా బయ్యారం పెద్దచెరువు గణపతిదేవుడి సోదరి మైలాంబ తవ్వించింది. అక్కడి శాసనమే కాకతీయుల వంశక్రమాన్ని మనకు చెప్పింది. ఈ చెరువుల పక్క పల్లెల్లో వేసవి ముదిరి నీళ్లు మోకాలి లోతుకు పడిపోయాక, సంఘం వాళ్లు తమ వంతు పట్టుకున్నాక, ఊరంతా నీళ్లలోకి దిగే రోజొకటి వస్తుంది. చేపల లూటీ అంటారు. ఊతలు, పాత చీరలు, దోమతెరలు, ఉత్త చేతులు. బురద కొట్టుకున్న మొహాల్లో ఎవరు ఏ వాడవాళ్లో పోల్చుకోలేం.

ఈ చెరువులు దాటి గోదావరి ఒడ్డున కాళేశ్వరం చేరితే ఎడారే కళ్లకు కడుతుంది. ఒకే పానవట్టం మీద రెండు లింగాలున్న గుడి దాటి రేవులోకి దిగితే, ప్రాణహిత గోదావరిలో కలిసే చోట మేలో కనుచూపు మేరా తెల్లటి ఇసుక. 2019లో దిగువన మేడిగడ్డ బ్యారేజీ వచ్చాక కొన్నాళ్లు అది నీటి కింద దాగింది. 2023 అక్టోబరులో పిల్లర్లు కుంగి నీళ్లు వదిలేశాక మళ్లీ తేలింది. నీటి పాయను చేరేసరికి అరికాళ్లు బొబ్బలెక్కాయి. గుంజలు పాతి చీర కప్పిన నీడలో ఇద్దరు అన్నదమ్ములు వల బాగుచేసుకుంటున్నారు. పక్కనే ఇసుకలో తవ్విన చెలిమె. "తాగు అన్నా, సల్లగుంటయి" అంటూ చిన్నవాడు చెంబు ముంచి ఇచ్చాడు. అంత కాలిన ఇసుక కింద అంత చల్లని నీళ్లు!

అవతలి ఒడ్డు మహారాష్ట్ర సిరొంచ. దానికి ఎగువన ప్రాణహిత గట్టున కోట అనే పల్లె ఉంది. అక్కడి సున్నపురాతి పలకల్లో జురాసిక్ యుగపు మంచినీటి చేపలున్నాయి. 19వ శతాబ్దంలోనే వాటిలో ఒకదానికి లెపిడోటస్ దక్కనెన్సిస్ అని మన దక్కను పేరు పెట్టారు. మందపాటి పొలుసులు ఇప్పటికీ పింగాణీలా మెరుస్తాయి. హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబడి ఉన్న కోటసారస్ అనే డైనోసార్ కూడా ఈ రాతి పొరల నుంచి వచ్చిందే. ఆ సంగతి చెబితే అన్నదమ్ములు సూది ఆపి ఏటి అవతలికి చూశారు. "రాతిల కూడ మా చేపేనా?" అన్నాడు పెద్దవాడు.

శ్రావణంలో మళ్లీ పాలకుర్తి దారి పట్టాను. చెరువు సగం నిండింది. పెద్దాయన థర్మాకోల్ తెప్ప మీద కూర్చుని, మాట్లాడొద్దని వేలు చూపించాడు. తుంగ పక్కన నీటి మీద ఎర్రటి ముద్దొకటి కదులుతోంది. కుంకుమ చల్లినట్టు, వందల కొద్దీ కొర్రమట్ట పిల్లలు, ఒక్క గుంపుగా. ముద్ద ఎటు జరిగితే దాని కింద నల్లటి నీడ కూడా అటే జరుగుతోంది. వల తెప్ప మీద మడిచే ఉంది. కాసేపటికి ఆ నీడ పైకి తేలింది. పాము తలలాంటి తల నీళ్లను చీల్చుకుని వచ్చి, గుటుక్కున ఒక గాలి గుక్క మింగి, మళ్లీ పిల్లల కిందికి వెళ్లిపోయింది.