45 డిగ్రీల ఊర్లో గోండ్రుకప్పకు చల్లని గూడు

గోండ్రుకప్పల పెంపకం మీద వచ్చిన పుస్తకాలు చాలావరకు చలిదేశాల వాళ్లు రాసినవి. గాజుతొట్టి కింద హీటింగ్ మ్యాట్ పరచమని, పైన వేడి బల్బు వేలాడదీయమని చెప్తాయి. మే నెలలో రామగుండంలోనో గోదావరిఖనిలోనో ఆ పని చేస్తే కప్ప సాయంత్రం దాకా బతకదు. ఇక్కడ ఎండాకాలం 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు. క్వార్టర్ల స్లాబు అర్ధరాత్రి దాకా వేడి కక్కుతూనే ఉంటుంది. కాబట్టి ఇక్కడ ముందుగా ఆలోచించాల్సింది చల్లదనం గురించే.

మన పెరళ్లలో తిరిగే గోండ్రుకప్పకు 24 నుంచి 28 డిగ్రీలు హాయి. 32 దాటి గంటలకొద్దీ ఉంటే నీరసిస్తుంది. మరి బయట ఇంత ఎండలో ఎలా బతుకుతోంది? పగలంతా రాళ్ల కిందా తేమ బొరియల్లోనూ దాక్కుని, చీకటి పడ్డాక బయటికొస్తుంది. గాజుతొట్టిలో పెట్టి ఆ దారి మూసేసింది మనమే గనక, చల్లని చోటు చూపించే బాధ్యతా మనదే.

ఇందుకు ఏసీ అక్కర్లేదు. 45 డిగ్రీల వేడి, 20 శాతం తేమ ఉన్న గాలిలో తడిబట్ట సుమారు 26 డిగ్రీల వరకు చల్లబడగలదు. కూలర్ పనిచేసేది ఈ సూత్రంతోనే. తొట్టిలో పాత రంజన్ పెంకునో చిన్న మట్టికుండనో పక్కకు పడుకోబెట్టి, సగం మట్టిలో పూడ్చి, రోజూ తడపండి. కరెంటు పోయినా ఆ కుండ లోపల చల్లగా ఉంటుంది. పైన జాలీమూత వేసి, మధ్యాహ్నం సగం మూత మీద మాత్రమే తడి గోనెపట్టా కప్పండి. మొత్తం కప్పితే గాలి ఆగి ఆవిరి గదిలా తయారవుతుంది. కిటికీ ఎండ పడేచోట తొట్టి అస్సలు పెట్టొద్దు.

జులైలో లెక్క మారిపోతుంది. 32 డిగ్రీలు, 80 శాతం తేమ ఉన్నప్పుడు తడిబట్ట చల్లబడేది 29 దాకానే, అంటే మూడు డిగ్రీలే లాభం. అప్పుడు నీళ్లు తగ్గించి గాలి పెంచాలి. లేదంటే బూజు పడుతుంది, కప్ప చర్మం పుండ్లు పడుతుంది. లోపలి తేమ 60–80 శాతం మధ్య ఉంటే చాలు. తేమ కొలిచే చిన్న మీటరు కొనడం దండగ కాదు.

రెండు చిన్న కప్పలకు 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 30 ఎత్తున్న తొట్టి సరిపోతుంది. అంటే 54 లీటర్లు. అడుగున 7 సెంటీమీటర్ల మందాన కొబ్బరిపొట్టు వేయాలంటే 12.6 లీటర్లు కావాలి. నర్సరీల్లో దొరికే 650 గ్రాముల ఇటుక నానితే సుమారు 8 లీటర్లవుతుంది కాబట్టి రెండు తెచ్చుకోండి. రెండుమూడుసార్లు కడిగి ఉప్పు పోగొట్టాకే వాడండి. అయితే ఒక్క మాట: వానల్లో వీధిదీపం కింద బొటనవేలంత కనిపించేది పిల్లే. ఆడది 15 సెంటీమీటర్ల దాకా పెరగొచ్చు, మంచి సంరక్షణలో పదేళ్ల దాకా బతకొచ్చు. అంతకాలం చూసుకునే ఓపిక లేకపోతే మొదలుపెట్టకపోవడమే దానికి మేలు.

కప్ప నోటితో నీళ్లు తాగదు, పొట్ట కింది చర్మంతో పీల్చుకుంటుంది. నీళ్లలో ఏముంటే అది ఒంట్లోకి వెళ్తుంది. బ్లీచింగ్ వాసన వచ్చే నీళ్లను వెడల్పు బకెట్లో 24 గంటలు మూతలేకుండా ఉంచి వాడండి. గిన్నె లోతు కప్ప ఎత్తులో సగానికి మించొద్దు. నీళ్లు రోజూ మార్చాలి, తన మలినాన్నే మళ్లీ పీల్చుకుంటుంది మరి. ఓపెన్‌కాస్ట్ గనుల దగ్గరి ఇళ్లలో ఆకుల మీద నల్లటి పొర కనిపిస్తూనే ఉంటుంది. ఆ దుమ్ము జాలీలోంచి దిగకుండా పల్చటి నూలుబట్ట వేసి, తరచూ ఉతకండి.

మేత రాత్రిపూటే. గనుల్లో రెండో షిఫ్టు దిగి వచ్చేవాళ్లకు ఇది వీలైన వేళ. కప్ప రెండు కళ్ల మధ్య దూరాన్ని మించని పురుగునే వేయాలి. పిల్లలకు రోజూ, పెద్దవాటికి వారానికి రెండు మూడుసార్లు. ఇలకోళ్లు, వానపాములు మంచివి. వారానికి రెండుసార్లు వాటి మీద కాల్షియం పొడి చల్లండి. దోమలమందు కొట్టిన ఇంట్లో పట్టిన పురుగులు వద్దు. కప్పను ముట్టుకునే ముందు చేతులు ఉత్తి నీళ్లతో, తర్వాత సబ్బుతో కడగాలి. దాని కళ్ల వెనక గ్రంథుల్లో విషం ఉంటుంది.

బయటి కప్పను ఇంటికి తెచ్చే ముందు అటవీశాఖ వాళ్లను అడగండి. వేరే ఊరి నుంచో దుకాణం నుంచో వచ్చినదాన్ని మాత్రం ఎప్పుడూ బయట వదలొద్దు. మన గోండ్రుకప్ప జాతే ఓడ సరుకుతో పాటు మడగాస్కర్ చేరినట్టు 2014లో బయటపడింది. దాని విషానికి అలవాటులేని అక్కడి పాములూ జంతువులూ దాన్ని తింటే ఏమవుతాయోనని శాస్త్రవేత్తలు ఇప్పటికీ ఆందోళన పడుతున్నారు.