నెలకు ఎనిమిది వందలు



మీ ఇంట్లో నేల మీద పరచిన బండలను ఒకసారి చూడండి. అవి తాండూరు బండలే కావచ్చు. వికారాబాదులో రైలెక్కి కర్ణాటక సరిహద్దు వైపు దాదాపు నలభై కిలోమీటర్లు పోతే తాండూరు వస్తుంది. అక్కడి గనుల్లో తీసిన నాపరాయి మిషన్ల మీద నునుపు తేలి, లారీలెక్కి ఎన్నో ఊళ్లకు పోతుంది. ఇతరుల ఇండ్లకు నేలనిచ్చే ఆ పట్టణములో, తనకు సరిపడిన ఒక్క గదిని నిలుపుకొనుటకు కష్టపడిన ఒక సహోదరుని సంగతి మీకు చెప్పాలని మేము చాలాకాలముగా అనుకుంటున్నాము. అందులో మా తప్పు కూడా ఉన్నది గనుక ఇంతకాలము వెనుకాడాము.

ఒక గది సంగతి

ఆయనకు నలభై ఏండ్లు దాటినవి. చిన్నతనములో పోలియో వచ్చి రెండు కాళ్లూ చచ్చుబడినవి. చంకకర్రలతో నడుస్తారు. పప్పు మిల్లుల వారి చినిగిన గోనె సంచులు కుట్టి నాలుగు డబ్బులు సంపాదించుకుంటారు. పల్లెలో అన్నగారి ఇల్లున్నా, పని కోసము తాండూరులో కిరాయి గదిలో ఒంటరిగా ఉంటారు. ఆ గది రోడ్డు మట్టానికే ఉన్నది. దాటవలసినది ఒక్క గడప. మరుగుదొడ్డి పక్కనే, నల్లా వాకిట్లోనే. కాళ్లున్న వారికి ఇవి చిన్న విషయములు. ఆయనకు ఇవి లేనిది ఇల్లే కాదు.

2024లో ఇంటి యజమాని కిరాయిని పదిహేను వందల నుండి రెండు వేలకు పెంచారు. ఆయనను మేము నిందించము. ఆ గదుల కిరాయి మీదనే ఆయన కుటుంబమూ బ్రతకాలి. కాని అంతకంటె తక్కువకు దొరికిన గదులన్నీ మేడ మీదివే. మెట్లకు పరచినవి పాలిష్ బండలు. నాలుగు నీటి చుక్కలు పడితే చంకకర్ర నిలువదు. ఇక మిగిలిన దారి పల్లెకు తిరిగి పోవుటయే.

"అన్నం పెడ్తరు అయ్యగారూ, కాదన. కాని నా చేతిల పని పోతది. ఊకె కూసోని తినుడు నాతోని కాదు" అన్నారాయన.

పింఛనులో లేని పద్దు

తెలంగాణలో 2014లో ఆసరా పింఛనులు మొదలైనప్పుడు వికలాంగులకు నెలకు 1,500 రూపాయలు ఇచ్చారు. 2019లో అది 3,016 అయినది. 2023 జూలై నుండి 4,016కు పెంచారు. ఆ పింఛను వలన ఎన్ని పొయ్యిలు వెలిగినవో మేము కన్నులారా చూశాము. అయితే అందులో కిరాయి అనే పద్దు లేదు. సొంత ఇంట్లో ఉన్నవారికీ, కిరాయికి ఉన్నవారికీ అదే మొత్తము. రెండు వేలు కిరాయికి పోతే సగము పోయినట్లే. కరెంటు బిల్లు, మందులు, ఇతరులు నడిచిపోయే దూరానికి ఈయన ఎక్కవలసిన ఆటో, చంకకర్రల అడుగున అరిగిపోయే రబ్బరు, ఇవన్నీ మిగిలిన సగములోనే సర్దుకోవాలి. సంచుల పని లేని నెలలో ఆ సగమే గతి.

2024 మార్చిలో ప్రారంభమైన ఇందిరమ్మ ఇండ్ల పథకము ఇల్లు కట్టుకొనుటకు ఐదు లక్షల రూపాయలు ఇస్తుంది. మొదటి విడత సొంత స్థలము ఉన్నవారికి. పట్టణములో కిరాయి గదిలో ఉన్నవానికి జాగా ఎక్కడిది?

చట్టము మాట

వికలాంగులు ఎక్కడో ఒక ఆశ్రమములో కాక, నలుగురి మధ్య, తాము కోరిన చోట నివసించే హక్కు గలవారని ఐక్యరాజ్యసమితి ఒప్పందము చెప్పుచున్నది. మన దేశము 2007లో దానిని ఆమోదించినది. 2016లో చేసిన వికలాంగుల హక్కుల చట్టము 2017 ఏప్రిల్ 19 నుండి అమలులోనికి వచ్చినది. దాని 5వ సెక్షను ఈ హక్కునే చెప్పుచున్నది. 24వ సెక్షను ప్రకారము, వారికి ఇచ్చే సామాజిక సహాయము అటువంటి పథకములలో ఇతరులకు ఇచ్చేదానికంటె కనీసము 25 శాతము ఎక్కువ ఉండాలి. 37వ సెక్షను ప్రకారము గృహ పథకములలో 5 శాతము వారికి కేటాయించాలి. ఈ హక్కులు నలభై శాతము లేక అంతకు మించిన వైకల్యము ఉన్నట్లు సర్టిఫికెట్ గలవారికి ముఖ్యముగా ఉపయోగపడతాయి. మీ ఇరుగు పొరుగున ఎవరికైనా ఆ సర్టిఫికెట్ లేకపోతే, మెడికల్ బోర్డుకు వెంటబెట్టుకొని పోవుట కూడా ఒక సేవయే.

అమెరికా దేశములో 1999లో జార్జియా రాష్ట్రమునకు చెందిన ఇద్దరు స్త్రీల వ్యాజ్యములో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చినది. జనము మధ్య బ్రతుకగలిగిన వారిని అనవసరముగా సంస్థలలో ఉంచుట వివక్షయే అన్నది. అక్కడ కిరాయి సహాయము పొందే పేద కుటుంబము సాధారణముగా తన ఆదాయములో ముప్పై శాతము తాను కడుతుంది. మిగిలినది ప్రభుత్వము నేరుగా యజమానికి చెల్లిస్తుంది. అక్కడ కూడా అడిగిన వారందరికీ అది అందదు, ఏండ్ల తరబడి వేచియుండే వారున్నారు. అయినను ఆ కొలత మాకు నచ్చినది. మన సహోదరుని పింఛనులో ముప్పై శాతము అంటే 1,205 రూపాయలు. కిరాయి రెండు వేలు. తక్కువ పడినది 795. ఆ ఎనిమిది వందలే ఆయనను పనిలో నిలుపగలవు, లేక పల్లెకు పంపగలవు.

మేము చేసిన తప్పు

సంఘములో ఈ మాట చెప్పగానే పదహారు కుటుంబములు నెలకు యాభై రూపాయల చొప్పున ఇస్తామన్నవి. మేము సంతోషము పట్టలేక, తరువాతి ఆదివారము ఆరాధనలో ఆయన పేరు చదివి, ముందుకు పిలిచి, అందరి ఎదుట కవరు చేతికిచ్చాము. చప్పట్లు కొట్టారు. ఆ తరువాతి ఆదివారము ఆయన రాలేదు. ఆ పైవారమూ రాలేదు. మేమే రైలెక్కి పోయాము. సంచి కుడుతూ తల ఎత్తకుండానే ఆయన అన్నారు: "పైసలు వద్దని కాదు. నా పేరు గుడిల సదవకుండ్రి అయ్యగారూ. నేను కిరాయిదారును, బిచ్చపోన్ని కాను."

ఆ రాత్రి తిరుగు ప్రయాణములో మంచి సమరయుని ఉపమానము గుర్తుకు వచ్చినది (లూకా 10:35). ఎన్నిసార్లు ప్రసంగించాము! కాని ఒక సంగతి గమనించలేదు. గాయపడినవానికి ఒక చోటు కావలసి వచ్చినప్పుడు ఆ సమరయుడు సత్రము యజమానికి డబ్బిచ్చాడు, ఇంకా ఎక్కువైతే తిరిగి వచ్చినప్పుడు తీర్చుతానన్నాడు. ఎవరి ఎదుటా చాటలేదు. గాయపడినవాని పేరు గాని, ఇచ్చినవాని పేరు గాని మనకు ఈనాటికీ తెలియదు.

ఇప్పుడు చేస్తున్నది

ప్రతి నెల ఐదవ తేదీలోగా ఆ ఎనిమిది వందలు యజమానికి చేరుతవి. తన వంతు ఆయనే కడతారు. మొత్తము రెండు వేలకు రశీదు ఆయన పేరనే వస్తుంది. ఆరాధనకు వచ్చారా లేదా అని ఎవరూ అడుగరు. కిరాయి సహాయము హాజరు పట్టీ కాకూడదు. ఏడాదికొకసారి ఆయనతోనే కూర్చొని లెక్క చూస్తాము. సంచుల పని పెరిగితే మా వంతు తగ్గిస్తాము. ఇంకొకరికి అవసరమైతే, వారు ఏ మతస్థులైనా సరే, అదే కొలత.

మూడు నెలల తరువాత ఆయన ఒక ఆదివారము వచ్చి వెనుక బెంచీలో కూర్చున్నారు. మాతో ఇంకా మునుపటివలె మనసు విప్పి మాట్లాడరు. అది మేము సంపాదించుకున్న శిక్ష. గది మాత్రము నిలిచినది, సూది దారము ఆయన చేతిలోనే ఉన్నవి.

ప్రియులారా, ప్రభుత్వము చేయవలసినది ప్రభుత్వమును అడుగుదాము. అది మన పొరుగువారి హక్కు. అది వచ్చేలోగా, మీ వీధిలో మట్టానికున్న ఒక గది ఎవరి చేతి నుండి జారిపోవుచున్నదో విచారించండి. లెక్క కట్టి చూడండి. తక్కువ పడేది మీరనుకున్నంత పెద్ద మొత్తము కాకపోవచ్చు. ఇచ్చేటప్పుడు మాత్రము చప్పట్లు వద్దు.