మాల్ వస్తే సిటీ ఎదిగినట్టేనా? రీసెర్చ్ పార్కులు, షాపింగ్ మాల్స్‌తో వైజాగ్‌కు నిజంగా ఒరిగేదేంటి?

వైజాగ్‌లో ఏ టీ కొట్టు దగ్గర నిలబడినా ఇప్పుడు భూముల కబుర్లే. రుషికొండ ఐటీ హిల్ మీద టీసీఎస్‌కు 21.16 ఎకరాలు, కాపులుప్పాడలో కాగ్నిజెంట్‌కు 22.19 ఎకరాలు. రెండింటికీ ధర నామమాత్రంగా 99 పైసలు. ఇక బీచ్ రోడ్డులో హార్బర్ పార్క్ దగ్గర లూలూ మాల్‌కు 13 ఎకరాలకు పైగా స్థలం లీజుకు. ఇవన్నీ 2025లో వరుసగా వచ్చిన నిర్ణయాలు.

ఒకరేమో వైజాగ్ దశ తిరిగిందంటున్నారు. మరొకరేమో ప్రజల భూమిని పప్పుబెల్లాల్లా పంచేస్తున్నారంటున్నారు. రాజకీయం కాసేపు పక్కన పెడదాం. అసలు ఇలాంటి క్యాంపస్‌లు, రీసెర్చ్ పార్కులు, మాల్స్ వస్తే ఊరు నిజంగా ఎదుగుతుందా? ఎదిగితే ఎవరి జేబులోకి ఎంత చేరుతుంది? సమాధానం కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. గాజువాక వెళ్తే చాలు.

గాజువాక చెప్పే లెక్క

స్టీల్‌ప్లాంట్‌లో తయారయ్యే ఉక్కులో చాలా భాగాన్ని కొనేది వైజాగ్ వాళ్లు కాదు, బయటివాళ్లు. అంటే డబ్బు బయటి నుంచి వైజాగ్‌లోకి వస్తుంది. అది జీతంగా మారి గాజువాక, కూర్మన్నపాలెం వీధుల్లోకి దిగుతుంది. ఇంటి అద్దె, కిరాణా, ట్యూషన్, బైక్ రిపేరు, పెళ్లికి బంగారం. ఒక జీతం మీద ఇంకెంతమందో బతుకుతారు.

ఇప్పుడు అదే గాజువాకలో కొత్తగా ఓ పెద్ద బట్టల షాపు పెట్టారనుకోండి. జనం ఎగబడతారు, నిజమే. కానీ ఆ డబ్బు కొత్తగా పుట్టిందేం కాదు. నిన్నటిదాకా పక్క షాపులో ఖర్చయిన డబ్బే ఈ షాపులోకి వచ్చింది. గల్లా పెట్టె మారింది, అంతే.

2024లో స్టీల్‌ప్లాంట్‌లో జీతాలు విడతలుగా ఇచ్చిన రోజులు గుర్తున్నాయి కదా? అలాంటి నెలల్లో షాపు ఎంత పెద్దదైనా, ఎన్ని ఏసీలు పెట్టినా కొనే చెయ్యి వెనక్కే పోతుంది.

ఆర్థికవేత్తలు దీన్నే రెండు రకాల ఉద్యోగాలుగా విడగొడతారు. బయటి నుంచి డబ్బు తెచ్చే ఉద్యోగం ఒకటి, ఊళ్లో డబ్బును తిప్పే ఉద్యోగం ఇంకొకటి. కాలిఫోర్నియాలోని బర్కిలీ యూనివర్సిటీ ప్రొఫెసర్ ఎన్రికో మొరెట్టీ అమెరికా నగరాల మీద ఈ లెక్కే తేల్చారు. హైటెక్ రంగంలో ఒక ఉద్యోగం వస్తే అదే నగరంలో కాలక్రమంలో మరో ఐదు ఉద్యోగాలు పుడతాయని 2012లో రాశారు. అందులో డాక్టర్లు, లాయర్లు ఉంటారు. హోటల్ సర్వర్లు, డ్రైవర్లు కూడా ఉంటారు.

అలాగని మన దగ్గర ఫ్లెక్సీల్లో వేసినట్టు 12 వేలను ఐదుతో గుణించేసి పండగ చేసుకోకూడదు. అది అమెరికా జీతాల లెక్క. ఇక్కడ ఫ్రెషర్‌కు ఇచ్చే ప్యాకేజీతో రూమ్ రెంట్ కట్టి, ఇంటికి కొంత పంపాక మిగిలేది ఎంతో ఆ కుర్రాళ్లకే తెలుసు.

హైదరాబాద్‌లో ఏది ముందు వచ్చింది?

చాలామంది హైదరాబాద్‌ను చూపించి "మాల్స్ వచ్చాకే కదా సిటీ మారింది" అంటారు. తేదీలు చూస్తే కథ తిరగబడుతుంది.

మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను అప్పటి ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించింది 1998 నవంబర్‌లో. మైక్రోసాఫ్ట్ డెవలప్‌మెంట్ సెంటర్, ట్రిపుల్ ఐటీ కూడా ఆ ఏడాదే. ఐఎస్‌బీ 2001లో. అదే ఏరియాలో ఇనార్బిట్ మాల్ తెరుచుకున్నది ఎప్పుడు? 2009లో. అంటే దాదాపు పదకొండేళ్ల తర్వాత. దేశంలోనే మొదటి ఐకియా స్టోర్ వచ్చింది 2018 ఆగస్టులో. జీతాలు ముందు వచ్చాయి, జీతాలను వెతుక్కుంటూ మాల్స్ వచ్చాయి. బండి ముందు ఎద్దు ఉంది కాబట్టే బండి కదిలింది.

ఇంకో సంగతి. మాల్ మోజు శాశ్వతం కాదు. ఒకప్పుడు పంజాగుట్టలో హైదరాబాద్ సెంట్రల్‌కు వెళ్లడమంటే వీకెండ్ పండగ. తర్వాత జనం ఇనార్బిట్ వైపు మళ్లారు. ఆ తర్వాత కొండాపూర్‌లో శరత్ సిటీ, 2023లో కూకట్‌పల్లిలో లూలూ. సిటీలో మాల్స్ పెరిగిన కొద్దీ ఒకదాని జనాన్ని ఇంకోటి లాక్కుంటుంది.

మరి జీనోమ్ వ్యాలీ సంగతేంటి?

ఇక్కడే అసలు విషయం ఉంది. రీసెర్చ్ పార్కు అనగానే అందరూ చెప్పే పేరు శామీర్‌పేట దగ్గరి జీనోమ్ వ్యాలీ. 1999లో ప్రకటించారు. తుర్కపల్లిలో 200 ఎకరాల్లో ఐసీఐసీఐ నాలెడ్జ్ పార్కు మొదలైంది. ఇరవై ఏళ్లు తిరిగేసరికి అక్కడి భారత్ బయోటెక్ కొవాగ్జిన్ తయారు చేసింది. 2021 జనవరిలో దానికి అత్యవసర అనుమతి వచ్చింది. ఇంతకన్నా సక్సెస్ స్టోరీ ఏముంటుంది?

కానీ 1999కి ముందు హైదరాబాద్‌లో ఏముందో చూడండి. ఇప్పుడు మనం ఐఐసీటీ అని పిలుస్తున్న ల్యాబ్ మూలాలు 1944లో, నిజాం కాలంలో ఉన్నాయి. కూనూరు నుంచి పోషకాహార సంస్థ 1958లో ఇక్కడికి వచ్చింది. మందులు తయారు చేయడానికి ప్రభుత్వ రంగంలో ఐడీపీఎల్ 1961లో పుట్టింది, బాలానగర్‌లో దాని ఫ్యాక్టరీ వెలిసింది. సీసీఎంబీ 1977లో వచ్చింది. ఐడీపీఎల్‌లో పనిచేసిన అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. ఆయనతో కలిసి పనిచేసిన మురళి దివి 1990లో దివీస్ మొదలుపెట్టారు. ఆ దివీస్‌కే భీమిలి దగ్గర చిప్పాడలో పెద్ద ప్లాంట్ ఉంది. అంటే బాలానగర్‌లో వేసిన విత్తనం కాయ భీమిలి దాకా వచ్చి పడింది.

కెమిస్ట్రీ తెలిసిన వేలమంది, వాళ్ల దగ్గర పని నేర్చుకున్న మరికొన్ని వేలమంది అప్పటికే ఊళ్లో ఉన్నారు. వాళ్లకు కావాల్సింది మంచి ల్యాబు, కోతల్లేని కరెంటు, వ్యర్థాలను శుద్ధి చేసే ఏర్పాటు. బ్యాంకు లోను తెచ్చుకున్న చిన్న కంపెనీ ఇవన్నీ సొంతంగా కట్టుకోలేదు. పార్కు ఇచ్చింది అవే. పార్కు సైంటిస్టులను పుట్టించలేదు, ఉన్నవాళ్లకు చోటు చూపించింది. ఐడీపీఎల్, సీసీఎంబీ లేని ఊళ్లో ఇదే పార్కు కట్టి ఉంటే? గేటు, ఆర్చి, లోపల గడ్డి. అలాంటి పారిశ్రామిక పార్కులు మన రెండు రాష్ట్రాల్లోనూ కనబడతాయి.

అమెరికాలో పేరున్న రీసెర్చ్ ట్రయాంగిల్ పార్కు కథా ఇంతే. నార్త్ కరోలినాలో చదువుకున్న పిల్లలంతా పని కోసం వేరే రాష్ట్రాలకు పోతున్నారని 1959లో మూడు యూనివర్సిటీల మధ్య దాన్ని పెట్టారు. మొదటి ఐదారేళ్లు చెప్పుకోదగ్గ కంపెనీ రావడమే గగనమైంది. 1965లో ఐబీఎం వస్తామన్నాకే ఊపిరి పీల్చుకున్నారు. యూనివర్సిటీలు మూడు పక్కనే ఉన్నా అంతకాలం పట్టింది. మన దగ్గర ఐదేళ్లకో ప్రభుత్వం మారుతుంది, మారినప్పుడల్లా బోర్డు మారుతుంది.

అద్దె కడితే సరిపోదు అన్న పార్కు

మనకు దగ్గర్లో ఇంకో మోడల్ ఉంది. చెన్నై తరమణిలో ఐఐటీ మద్రాస్ రీసెర్చ్ పార్కు. 2010లో మొదలైంది. అక్కడ ఆఫీసు తీసుకున్న కంపెనీ అద్దె కడితే సరిపోదు. ఐఐటీతో కలిసి పరిశోధన చేయాలి, ప్రొఫెసర్ల సలహాలు తీసుకోవాలి, విద్యార్థులకు పని ఇవ్వాలి. వీటికి క్రెడిట్లు ఉంటాయి. ఆ క్రెడిట్లు సంపాదించాలన్నది షరతు. ఎలక్ట్రిక్ స్కూటర్ల ఏథర్, రాకెట్లు చేసే అగ్నికుల్ ఐఐటీ మద్రాస్ వాతావరణంలో పుట్టినవే.

ఈ ఒక్క షరతే రీసెర్చ్ పార్కుకూ మామూలు ఆఫీసు కాంప్లెక్స్‌కూ తేడా. షరతు తీసేస్తే మిగిలేది అద్దాల బిల్డింగే.

వైజాగ్ చేతిలో ఏముంది?

తక్కువేం లేదు. 1926 నుంచి ఆంధ్రా యూనివర్సిటీ ఉంది. షిప్‌యార్డు, రిఫైనరీ, నేవీ, జలాంతర్గాముల టెక్నాలజీ మీద పనిచేసే ఎన్ఎస్‌టీఎల్ ఉన్నాయి. హైదరాబాద్‌కు ఐడీపీఎల్ ఎలాగో వైజాగ్‌కు ఇవి అలా. సముద్రం, ఓడలు, లోహాలు తెలిసిన మనుషులు ఇక్కడ తరతరాలుగా ఉన్నారు.

పని చేస్తున్న పార్కు కూడా ఒకటుంది. మెడ్‌టెక్ జోన్. స్టీల్‌ప్లాంట్ వైపు 270 ఎకరాల్లో ఉంది. వైద్య పరికరాలు తయారు చేసే కంపెనీలన్నీ వాడుకునేలా టెస్టింగ్ ల్యాబులు, గామా రేడియేషన్‌తో పరికరాలను స్టెరిలైజ్ చేసే యూనిట్ ఒకే చోట పెట్టారు. కొవిడ్ టైమ్‌లో వెంటిలేటర్లు, టెస్టు కిట్లు అక్కడి నుంచే దేశమంతా వెళ్లాయి. మాల్ గురించి జరిగిన చర్చలో పదో వంతైనా దీని గురించి జరిగిందా అంటే, లేదు. ఐమాక్స్ ఉండదు కదా.

టీసీఎస్, కాగ్నిజెంట్ క్యాంపస్‌లు నిఖార్సైన రీసెర్చ్ పార్కులు కావు, ఐటీ ఆఫీసులు. అయినా గాజువాక లెక్కలో అవి స్టీల్‌ప్లాంట్ వైపే ఉంటాయి, షాపు వైపు కాదు. క్లయింట్లు బయటివాళ్లు, డబ్బు బయటిది. టీసీఎస్ 1,370 కోట్ల పెట్టుబడి, 12 వేల ఉద్యోగాలు అంటోంది. కాగ్నిజెంట్ 1,583 కోట్లు, 8 వేల ఉద్యోగాలు. భూమితో భాగిస్తే టీసీఎస్‌లో ఎకరానికి సుమారు 567 మంది, కాగ్నిజెంట్‌లో 360 మంది. ఆ మాట నిలబడితే 99 పైసలకు అర్థం ఉంది. సగమే నిలబడితే? అప్పుడు భూమి పరిస్థితి ఏంటన్నది ఒప్పందంలో స్పష్టంగా ఉండాలి. ఎన్నేళ్లలో ఎంతమంది, ఇవ్వకపోతే ఎంత వెనక్కి. జనం అడగాల్సిన ప్రశ్న ఇది.

డేటా సెంటర్ల విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. గూగుల్ ఐదేళ్లలో 15 బిలియన్ డాలర్లు పెడతామని 2025 అక్టోబర్‌లో ప్రకటించింది. అంకె చాలా పెద్దది. కానీ డేటా సెంటర్‌లో ఎక్కువ డబ్బు వెళ్లేది మెషీన్లకు. కట్టేటప్పుడు కూలీలు, ఇంజినీర్లు వేలల్లో కావాలి, కట్టాక నడపడానికి కొద్దిమంది చాలు. కరెంటు, నీళ్లు మాత్రం రోజూ కావాలి.

మాల్‌కు మరీ ఇంత తీసిపారేయాలా?

తీసిపారేయక్కర్లేదు. మాల్‌లో సేల్స్, సెక్యూరిటీ, హౌస్‌కీపింగ్ పనులు దొరుకుతాయి, జీవీఎంసీకి ఆస్తి పన్ను వస్తుంది. ఇంకో మాట కూడా నిజం. శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం నుంచే కాదు, ఒడిశాలోని రాయగడ, కోరాపుట్ నుంచి కూడా ఆసుపత్రికి, షాపింగ్‌కు వైజాగే వస్తారు. ఆ మేరకు మాల్ కూడా బయటి డబ్బు తెస్తుంది. కాకపోతే అది పార్వతీపురం షాపుకు రావాల్సిన డబ్బు. వైజాగ్‌కు లాభం, ఉత్తరాంధ్రకు మొత్తంగా చూస్తే సున్నా.

అసలు తకరారు స్థలం దగ్గర. మద్దిలపాలెంలో సీఎంఆర్ సెంట్రల్ ఎప్పటి నుంచో నడుస్తోంది. పోర్టు భూమిని లీజుకు తీసుకుని ఇనార్బిట్ కడుతోంది, దానికి 2023 ఆగస్టులో శంకుస్థాపన జరిగింది. అంటే జనం దగ్గర డబ్బుంటే మాల్స్ వాటంతట అవే వస్తాయి. అలాంటప్పుడు బీచ్ ఒడ్డున, మళ్లీ దొరకని చోట, 99 ఏళ్ల లీజుకు ప్రభుత్వమే భూమి చూపించాల్సినంత అవసరం మాల్‌కు ఉందా? ల్యాబుకైతే ఉంది, ఎందుకంటే ల్యాబు దానంతట అది రాదు.

ఇక రియల్ ఎస్టేట్ బ్రోచర్లు. "ఐటీ హిల్‌కు 15 నిమిషాలు, భోగాపురం ఎయిర్‌పోర్టుకు 10 నిమిషాలు" అని చెప్పి గజం రేటు పెంచేస్తారు. రేటు పెరిగితే సిటీ ఎదిగినట్టే అనుకుంటాం. ప్లాటు ఉన్నవాడికి అది లాభమే. కానీ అద్దెకుండే నర్సుకు, ఆటో డ్రైవర్‌కు, కొత్తగా స్టార్టప్ పెట్టుకునే కుర్రాడికి అదే రేటు ఖర్చవుతుంది. కంపెనీ రాకముందే భూమి రేటు పరుగెడితే చివరికి వచ్చే కంపెనీయే భయపడుతుంది. అప్పుడు మళ్లీ 99 పైసలకు ఇవ్వాల్సి వస్తుంది.

హార్బర్ పార్క్ స్థలం చరిత్రే చూడండి. 2018లో కన్వెన్షన్ సెంటర్, మాల్, స్టార్ హోటల్ కలిపి లూలూకు శంకుస్థాపన చేశారు. 2019లో కొత్త ప్రభుత్వం రద్దు చేసింది. 2025లో మళ్లీ వచ్చింది. ఏడేళ్లలో అక్కడ మాలూ రాలేదు, కన్వెన్షన్ సెంటరూ రాలేదు. వీటిలో బయటి రాష్ట్రాల వాళ్లను, విదేశీయులను రప్పించి హోటళ్లు, ట్యాక్సీలు నింపగలిగేది కన్వెన్షన్ సెంటరే. అది లేకనే 2025 నవంబర్‌లో జరిగిన పెట్టుబడుల సదస్సుకు కూడా ఏయూ ఇంజినీరింగ్ కాలేజీ గ్రౌండ్‌లో తాత్కాలికంగా షెడ్లు వేయాల్సి వచ్చింది.