అన్నం ముద్ద డోనట్ అయ్యింది.. అయినా జపాన్ బొమ్మలే గెలిచాయి!

తెల్లటి అన్నం ముద్దను చూపించి ఇది జెల్లీ డోనట్ అంటే ఎవరైనా నమ్ముతారా? అమెరికా పిల్లలకు అలాగే చెప్పారు మరి. 1998లో అక్కడ మొదలైన ‘పోకెమాన్’ ఇంగ్లిష్ డబ్బింగులో జరిగిన ముచ్చట ఇది. హీరో సతోషి పేరు కూడా ఆష్‌గా మారిపోయింది. జపాన్ వాసన తగిలితే పిల్లలు టీవీ కట్టేస్తారని వాళ్ల భయం. హోసూరులోనో, బరంపురంలోనో ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాషతో పెరిగిన మనవాళ్లకు ఈ పేరు మార్పిడి సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు.

ఈ భయం పాతదే. ఒసాము తెజుకా తీసిన ‘ఆస్ట్రో బాయ్’ 1963 జనవరి 1న జపాన్ టీవీలో మొదలైంది. అదే ఏడాది అమెరికా చేరింది. అక్కడ చూసిన పిల్లల్లో చాలామందికి అది జపాన్ సరుకని తెలియనే తెలియదు. 1978లో ‘గ్రెండైజర్’ అనే మరమనిషి కథ ఫ్రాన్స్, ఇటలీ పిల్లలను ఊపేసింది. అక్కడా పేరు మారింది.

1985 నాటి ‘రోబోటెక్’ మరీ విడ్డూరం. ఒకదానితో ఒకటి సంబంధం లేని మూడు జపాన్ సీరియళ్లను అతికించి 85 భాగాల ఒకే కథగా అల్లేశారు. రోజూ వేయడానికి ఒక్కో సీరియల్‌లో చాలినన్ని భాగాలు లేవట!

కత్తితో కబురు

అదే 1985లో మియజాకి తీసిన ‘నౌసికా’ను ఇరవై నిమిషాలకు పైగా కోసేసి, పేరు మార్చి అమెరికాలో వదిలారు. ఆ మంట చాలాకాలం చల్లారలేదు. ‘ప్రిన్సెస్ మొనొనొకె’ అక్కడికి వెళ్లేటప్పుడు కోతకు వీల్లేదని గిబ్లీ స్టూడియో పట్టుబట్టింది. నిర్మాత తోషియో సుజుకి అమెరికా పంపిణీదారుకు ఏకంగా ఓ జపాన్ కత్తినే ఇచ్చి ‘కోతలొద్దు’ అన్నాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. సినిమా కోత లేకుండానే 1999లో విడుదలైంది.

అసలు మలుపు తిప్పింది మాత్రం చూసేవాళ్లే. 80లు, 90లలో అమెరికా కాలేజీ కుర్రాళ్లు జపాన్ నుంచి వీడియో టేపులు తెప్పించుకునేవారు. తామే అనువదించి, ఇంటి కంప్యూటర్లతో కింద అక్షరాలు వేసి, కాపీలు తీసి పంచుకునేవారు. చాలామంది ఖాళీ టేపు ఖర్చు తప్ప పైసా తీసుకునేవారు కాదు. చట్టం లెక్కన తప్పే అనుకోండి. కానీ అసలు గొంతు, అసలు పేర్ల రుచి మప్పింది వాళ్లే. 2006లో అభిమానుల వీడియోలతో మొదలైన క్రంచీరోల్, తర్వాత హక్కులు కొని దారిలో పడింది. 2021లో సోనీ దాన్ని 117.5 కోట్ల డాలర్లకు కొనేసింది!

మియజాకి ‘స్పిరిటెడ్ అవే’ 2003లో, ‘ది బాయ్ అండ్ ది హెరాన్’ 2024లో ఆస్కార్లు తెచ్చుకున్నాయి. 2025 సెప్టెంబరులో ‘డెమన్ స్లేయర్: ఇన్ఫినిటీ క్యాజిల్’ ఉత్తర అమెరికాలో మొదటి వారాంతానికే సుమారు 7 కోట్ల డాలర్లు రాబట్టి అగ్రస్థానంలో నిలిచింది. అదే వారం మన దేశంలో తెలుగులోనూ విడుదలైంది. హీరో తంజిరో ఎక్కడైనా తంజిరోనే!

మరి గీసేవాళ్ల సంగతేంటి? కదలికల మధ్య బొమ్మలు నింపే కొత్త కుర్రాళ్లకు జపాన్‌లో చాలాచోట్ల ఇప్పటికీ బొమ్మకింతని లెక్కగట్టి ఇస్తారు. అదీ కొద్ది వందల యెన్లే. తక్కువ జీతాలు, గంటల తరబడి చాకిరీ అంటూ ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల నిపుణుల బృందం 2024 నివేదికలో ఈ పరిశ్రమను వేలెత్తి చూపింది.