చెవికి అతుకు

మా యింట్లో అందరూ నా కుడివైపునే కూర్చుంటారు. కొత్తగా వచ్చిన అల్లుడుగారు మాత్రం తెలియక ఎడమవైపు కూర్చుని అరగంట మాట్లాడారట. నేను పలకకపోయేసరికి మామగారికి పొగరనుకున్నారు పాపం!

కర్నూలు నుంచి కడప దాకా పారే కె.సి. కాలువ ఒడ్డున మా వూరు. 1966లో, నా పదోయేట, గట్టుమీంచి దూకితే నీళ్ళు చెంపను చెళ్ళున కొట్టి చెవి గుయ్యిమంది. తర్వాత చీము. మా అమ్మ వెల్లుల్లి వేసి కాచిన నూనె చుక్కలు పోసేది. చిల్లుపడిన చెవిలో నూనె పోయకూడదని ఆవిడకెవరు చెప్పారు? చీము ఎప్పటికో ఆగింది గాని చిల్లు పూడలేదు.

యాభై ఏళ్ళ తర్వాత కర్నూలులో చెవి డాక్టరుగారికి చూపిస్తే, "అతుకు వేద్దాం" అన్నారు. చెప్పుకు వేస్తారు, చీరకు వేస్తారు. మిల్లీమీటరులో పదోవంతు మందమున్న కర్ణభేరికి అతుకేమిటండీ?

ఈ ఆలోచన పాతదేనట. 1640లోనే జర్మనీలో బాంజర్ అనే ఆయన సన్నని గొట్టం కొసకు పంది మూత్రాశయపు పొర బిగించి చెవిలో పెట్టమన్నాడు. రెండు వందల ఏళ్ళకు లండనులో యియర్‌స్లీ అనే వైద్యుడికి ఉపాయం నేర్పింది ఒక రోగి! కాగితం ముక్కను ఉమ్మితో తడిపి చెవిలోకి తోసుకుంటే ఆ రోగికి వినబడేదట. యియర్‌స్లీ కాగితానికి బదులు తడి దూది వాడాడు. 1853లో టాయిన్‌బీ వెండితీగకు రబ్బరుబిళ్ళ తగిలించాడు. ఇవన్నీ తీసి పెట్టుకునే మూతలే. 1878లో బెర్తోల్డ్ చర్మంతో నిజమైన అతుకు వేశాడు. 1950ల మొదట్లో వుల్‌స్టైన్, జోల్నర్ మైక్రోస్కోపు కింద అదే పని చేశారు. కాని చర్మం ఎక్కడున్నా పొట్టు రాలుస్తుంది గదా. చెవిలోనూ రాల్చి మళ్ళీ చీము పట్టించేది. 1958లో హీర్మాన్ కణత కండరంమీది పలుచని పొర తీసి వేశాడు. అది నిలిచింది.

కర్నూలులో వైద్య కళాశాల పెట్టింది 1950లలో. అంటే నేను కాలువలో దూకేనాటికే విద్యా పుట్టింది, నలభై మైళ్ళ దూరంలో కళాశాలా ఉంది. మేమే ఎవరినీ అడగలేదు!

"అతుకు ఒక్కొక్కప్పుడు పట్టదు. లోపలి ఎముకలు తినేసి ఉంటే, పట్టినా వినికిడి రాదు," అని ముందే చెప్పారు డాక్టరుగారు. నెలన్నర ముక్కు గట్టిగా చీదకుండా, చెవిలో నీటిచుక్క పడకుండా దినాలు లెక్కపెట్టాను.

ఒకనాటి తెల్లవారుజామున కుడివైపుకు ఒత్తిగిలి పడుకున్నాను. వంటింట్లో చల్ల చిలుకుతున్న చప్పుడు. మంచి చెవి దిండులో ఉంది!

అల్లుడుగారిప్పుడు ఎడమవైపే కూర్చుంటారు. అన్నీ వినక తప్పడం లేదు.