పూడిక మింగిన 31 టీఎంసీలు

తెలంగాణలోని శ్రీరాంసాగర్ ప్రాజెక్టు కట్టినప్పుడు అందులో పట్టే నీరు 112 టీఎంసీలు. ఆ తర్వాతి సర్వేల్లో అది 90కి, అక్కడి నుంచి 80.5కి దిగింది. 31 టీఎంసీలకు పైగా చోటును ఒండ్రు ఆక్రమించింది. కరీంనగర్‌ను ఆనుకుని ఉన్న దిగువ మానేరు నిండా నిండితే 24 టీఎంసీలే. అంతకన్నా పెద్ద జలాశయమే పూడిక కింద పోయిందన్నమాట. 11,574 క్యూసెక్కుల నీరు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ.

నీటి విధానంలో ముందు తేల్చేది పంపకమే. తాగునీటికి తొలి వాటా: ప్రాజెక్టుల నీటిలో 10 శాతం మిషన్ భగీరథకు, పల్లెలో మనిషికి రోజుకు 100 లీటర్ల లెక్కన. సాగు ఆ తర్వాత. ఎగువ రాష్ట్రంతో లెక్క వేరు. శ్రీరాంసాగర్‌కు ఎగువన మహారాష్ట్రలో ఉన్న బాబ్లీ బ్యారేజీ 2.74 టీఎంసీలది. 2013లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం జూలై 1 నుంచి అక్టోబర్ 28 దాకా దాని గేట్లు ఎత్తే ఉంచాలి, మార్చి 1న 0.6 టీఎంసీ కిందికి వదలాలి.

పెద్ద ప్రాజెక్టుల మీద ఉన్న శ్రద్ధ చెరువుల మీద ఉండదు. 2015 మార్చిలో చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయ మొదలైనప్పుడు రాష్ట్రంలో లెక్కతేలిన చెరువులు, కుంటలు 46,531. ఉమ్మడి కరీంనగర్‌లో 5,939, ఆదిలాబాద్‌లో 3,951. ఆ పథకంలో పూడిక తవ్వకం ఖర్చు సర్కారుది, మట్టిని చెలకల్లోకి తోలుకునే ఖర్చు రైతుది. ఆ మట్టి పొలానికి ఎరువు కూడా. కానీ ఒకసారి తీస్తే సరిపోదు. కట్టమీద తుమ్మలు మొలుస్తాయి, తూము లీకవుతుంది, మత్తడి రాళ్లు కదులుతాయి. ఏటా వానలకు ముందే వీటిని చూసేవాళ్లు, దానికి కేటాయించిన డబ్బు ఉండాలి. శిఖం భూమి హద్దులూ అంతే. 25 ఎకరాలు, ఆపైన ఉన్న చెరువుకు పూర్తి నీటిమట్టం నుంచి 30 మీటర్లు, చిన్నవాటికి 9 మీటర్లు ఖాళీగా వదలాలని నిబంధన. హద్దురాళ్లు పాతని చోట అది కాగితం మీదే మిగులుతుంది.

నిర్వహణ లేకపోతే ఏమవుతుందో 2022 జూలైలో కడెం ప్రాజెక్టు చూపింది. నిండితే 7.6 టీఎంసీలు పట్టే ఆ ప్రాజెక్టుకు 5 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చిపడింది. 18 గేట్లలో ఒకటి తెరుచుకోలేదు. నీరు కట్టను దాటేలా ఉంటే దిగువ ఊళ్లను ఖాళీ చేయించారు. 1958లోనూ వరద ఆ ప్రాజెక్టును దెబ్బతీసింది. గేట్ల మరమ్మతుకు, పూడిక సర్వేకు ఏటా ఎంత ఖర్చయిందో బడ్జెట్‌లో విడిగా చూపాలి. ఏ జలాశయంలో ఇప్పుడు నిజంగా ఎంత నీరు పడుతుందో ఆయకట్టు రైతుకు నాట్లకు ముందే చెప్పాలి.