‘అప్ అండ్ డౌన్’ కాలనీలు

జహీరాబాద్: తెల్లవారుజామున మూడున్నరకే ఈ ఇళ్లలో పొయ్యి వెలుగుతుంది. జొన్నరొట్టె తట్టే చప్పుడు ఒక ఇంటి నుంచి పక్క ఇంటికి వినపడుతూ వుంటుంది. నాలుగు దాటేసరికి డబ్బా సంచిలో వేసుకుని, చెవులకు మఫ్లరు చుట్టుకుని మగవాళ్లు ఒక్కొక్కరే బొంబాయి రోడ్డు మీదికి చేరుకుంటారు. ఆ వేళ ఎవరికీ మాట మీద ఆసక్తి వుండదు. ఆర్టీసీ బస్సో, కంపెనీ బస్సో, దయతలచి ఆపే డీసీఎం వ్యానో, ఏది ముందు వస్తే అది ఎక్కుతారు. సీటు దొరికినవాడు కిటికీకి తల ఆనించి మిగిలిన నిద్ర పూర్తి చేస్తాడు. దొరకనివాడు కడ్డీ పట్టుకుని నిలబడే కునుకు తీస్తాడు. దిగ్వాల్, బుదేరా, సదాశివపేట, సంగారెడ్డి వెనకబడిపోతాయి. పటాన్‌చెరు అని కండక్టరు కేకవేస్తే గానీ కళ్లు తెరవరు.

పట్టణం చుట్టూ, పాత పొలాల్లో రాళ్లు పాతి అమ్మిన వెంచర్లలో లేచిన కాలనీల్లో ఇలాంటి కుటుంబాలు ఎన్నో వున్నాయి. మీ ఆయన ఏం చేస్తాడమ్మా అని అడిగితే చాలా ఇళ్లలో మొదట వచ్చే జవాబు ‘అప్ అండ్ డౌన్ చేస్తాడు’ అనే. ఏ కంపెనీ, ఏం పని అన్నది తర్వాతి మాట. రోడ్డు మీద తిరగడమే ఉద్యోగం పేరైపోయింది. పట్టణాన్ని ఆనుకుని చిన్న హైదరాబాద్ అనే ఊరు కూడా వుంది. పెద్ద హైదరాబాదులో పని, చిన్న హైదరాబాదులో పడక అని కుర్రాళ్లు నవ్వులాటకు అనుకునేందుకు ఆ పేరు బాగానే పనికివస్తుంది.

ఈ కాలనీల్లో చేరినవారు ఎక్కడినుంచో వచ్చినవారు కారు. న్యాల్‌కల్, ఝరాసంగం, రాయికోడ్, కోహీర్, మొగుడంపల్లి మండలాల పల్లెలవారే ఎక్కువ. ఊళ్లోనే వుంటే పిల్లల చదువు సాగదు. పటాన్‌చెరులో కాపురం పెడదామంటే కిరాయికే సగం జీతం చాలదు. జహీరాబాద్‌లో అయితే నలభై యాభై గజాలు అటూఇటూగా చిన్న ప్లాటు కొని, నాలుగు గోడలు లేపి, ప్లాస్టరింగు తర్వాత చూసుకుందామని రేకులు వేసుకుని దిగవచ్చు. ముసలి తల్లిదండ్రులు, రెండెకరాల భూమి వున్న ఊరు అరగంట దూరంలో వుంటుంది. లెక్క సరిగానే వున్నట్టు కనిపిస్తుంది. అందులో రాయనిది రోడ్డు ఒక్కటే.

ఆ రోడ్డు లెక్క కూడా ఒకసారి వేసి చూడవచ్చు. జహీరాబాద్ నుంచి పటాన్‌చెరు సుమారు 75 కిలోమీటర్లు. బస్సు కోసం నిలబడటం, దిగాక ఆటోలో గేటు దాకా పోవడం కలుపుకుంటే పోవడానికి రెండు గంటలు, రావడానికి రెండు గంటలు. నెలకు 26 రోజుల డ్యూటీ అనుకుంటే 104 గంటలు. అంటే నెలలో నాలుగు పగళ్లు, నాలుగు రాత్రులు పూర్తిగా బస్సులోనే గడిచిపోతాయి. దీనికి జీతం లేదు, ఓటీ లేదు.

క్వార్టర్ల కాలం

జిల్లాలో కార్మికుల బతుకు మొదటినుంచీ ఇలాగే లేదు. 1960లలో రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్ కర్మాగారం వచ్చినప్పుడు దాని పక్కనే టౌన్‌షిప్ కూడా వచ్చింది. క్వార్టరు, బడి, ఆస్పత్రి, ఆటస్థలం అన్నీ గేటుకు దగ్గరలోనే. 1980లలో ఎద్దుమైలారంలో ఆయుధ కర్మాగారం పెట్టినప్పుడూ ఉద్యోగులకు క్వార్టర్లు కట్టారు. సైరన్ మోగాక సైకిలెక్కినా డ్యూటీకి అందే రోజులవి. ఇందిరాగాంధీ 1980లో మెదక్ నుంచి లోక్‌సభకు గెలిచిన తర్వాతి కాలంలో పటాన్‌చెరు, బొల్లారం ప్రాంతాల్లో ప్రైవేటు ఫ్యాక్టరీలు జోరుగా పెరిగాయి. వాటిలో పనిచేసేవారి ఇల్లు ఎక్కడన్నది మాత్రం ఎవరికి వారు చూసుకోవలసిన సంగతి అయింది. పైగా ఇప్పుడు చాలామందిది కాంట్రాక్టు పని. ఈ ఏడు ఒక గేటు, వచ్చే ఏడు ఇంకో గేటు. అలాంటప్పుడు ఏ గేటు దగ్గర ఇల్లు కట్టుకోవాలి?

జహీరాబాద్‌కు సొంత ఫ్యాక్టరీ లేదని కాదు. 1980లలో ఆల్విన్ నిస్సాన్ వ్యాన్ల కర్మాగారం ఇక్కడికి వచ్చింది. తర్వాత అది మహీంద్రా చేతికి పోయింది. 2013లో అదే మహీంద్రావారి ట్రాక్టర్ల కర్మాగారం తెరుచుకుంది. అందులో పని దొరికినవారు మధ్యాహ్నం షిఫ్టు దిగి ఇంట్లో అన్నం తినగలుగుతున్నారు. దొరకనివారు బస్సెక్కుతున్నారు.

ఇలా రోజూ ఊరి నుంచి ఊరికి పోయి వచ్చేవారిని ఇంగ్లీషులో కమ్యూటర్లు అంటారు. ఆ మాట అమెరికాలో రైళ్ల దగ్గర పుట్టింది. పందొమ్మిదో శతాబ్దంలో అక్కడి రైలు కంపెనీలు రోజూ ప్రయాణం చేసేవారికి చార్జీ తగ్గించి సీజన్ టికెట్ ఇచ్చాయి. ఆ తగ్గింపును తెలిపే మాటే మనిషికి పేరైంది. అక్కడైనా, బొంబాయిలోనైనా దూరపు పేటలు రైలు పట్టాలను పట్టుకుని పెరిగాయి. మనకూ స్టేషన్ వుంది గానీ, రైలు వికారాబాద్ మీదుగా చుట్టు తిరిగి పోతుంది. పటాన్‌చెరు షిఫ్టుకు దానితో పనిలేదు. 2003లో మొదలైన ఎంఎంటీఎస్ రైళ్లు ఇక్కడిదాకా రాలేదు. కాబట్టి ఇక్కడి కాలనీలు పూర్తిగా రోడ్డు బిడ్డలే.

పగటిపూట కాలనీ

పొద్దున తొమ్మిది దాటాక, బడి ఆటోలు వెళ్లిపోయాక ఈ వీధుల్లోకి వచ్చి చూడాలి. ఆడవాళ్లు, ముసలివాళ్లు, కట్టెసిన మేకలు తప్ప మరొకరు కనిపించరు. నల్లా ఎప్పుడు వస్తుందో కనిపెట్టడం, గ్యాస్ బండ దింపించుకోవడం, బ్యాంకులో వరుసలో నిలబడటం, పిల్లవాడి ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం, అన్నీ ఇల్లాలి పనులే. పదేళ్లుగా ఎదురెదురు ఇళ్లలో వుంటున్న ఇద్దరు మగవాళ్లు ఒకరి పేరు ఒకరికి సరిగా తెలియకుండా వుండటం ఇక్కడ వింత కాదు. ఒకరిది ఫస్టు షిఫ్టు, ఒకరిది నైటు. పల్లెలో అయితే ఇంటి పేరు, తాత పేరు, ఎద్దుల రంగు కూడా తెలిసి వుండేవి.

ఈ లోటు బయటపడేది కష్టం వచ్చిన రోజున. పల్లెలో పొద్దున పదింటికి ఎవరైనా కన్నుమూస్తే కబురు పొలాల దాకా పోతుంది, అరకలు విప్పి మనుషులు వస్తారు. కాలనీలో అదే వేళకు పాడె మోయడానికి నలుగురు మగవాళ్లను వెతుక్కోవాలి. ఇంటాయనకు ఫోన్ చేస్తే, సూపర్‌వైజరును అడిగి, గేట్ పాస్ తీసుకుని, బస్సు పట్టుకుని రావడానికి మధ్యాహ్నం దాటుతుంది. అందుకే ముందు సొంత ఊరికి ఫోన్ చేసి పాలోళ్లను రమ్మంటారు. శవాన్ని ఊరికే తీసుకుపోవడం కూడా మామూలే. ఇల్లు కాలనీలో కట్టుకున్నా చావుకు మాత్రం ఊరే దిక్కవుతున్నది.

ఇక భయం సంగతి. 2025 జూన్ 30న పాశమైలారంలోని ఒక మందుల ఫ్యాక్టరీలో పేలుడు జరిగి 40 మందికి పైగా కార్మికులు చనిపోయారు. అలాంటి వార్త టీవీలో వచ్చినప్పుడు గేటు పక్క క్వార్టరులో వున్న ఇల్లాలు పరుగెత్తుకుని పోయి చూసుకుంటుంది. 75 కిలోమీటర్ల అవతల వున్న ఇల్లాలు ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చోవాలి. డ్యూటీలో ఫోన్లు లాకర్లో పెట్టించే కంపెనీలు కొన్ని వున్నాయి. ఏ కంపెనీలో ఏం జరిగినా షిఫ్టు అయ్యేదాకా ఆమెకు మనిషి గొంతు వినపడదు. రోడ్డు మీది భయం సరేసరి. నైటు షిఫ్టు దిగి మోటారు సైకిల్ మీద బయలుదేరినవాడు చలికాలపు మంచులో, పక్కన నిలిపిన లారీలను తప్పించుకుంటూ రావాలి.

2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేకుండా పోయింది. దాంతో సదాశివపేటకూ సంగారెడ్డికీ పనికి పోయే ఆడవాళ్లు పెరిగారు. మొగుడు టికెట్ కొని, పెళ్లాం ఆధార్ చూపించి ఒకే బస్సులో పోతున్నారు. చేతిలో నాలుగు డబ్బులు ఆడుతున్నాయన్నది నిజం. మూడున్నరకు పొయ్యి వెలిగించే పని మాత్రం ఇంకొకరికి మారలేదు. ఆమె కూడా బస్సెక్కితే నల్లా పట్టేదెవరు, బడి నుంచి వచ్చిన పిల్లకు తలుపు తీసేదెవరు అన్నది ముసలి అత్త ఆరోగ్యం మీద ఆధారపడి వుంది.

వీరు పోతున్న దారిలోనే మరో గుంపు ఎదురు వస్తుంది. సంగారెడ్డి నుంచి, పట్నం నుంచి ఇక్కడి బడులకు, బ్యాంకులకు, ఆఫీసులకు వచ్చే ఉద్యోగులు. వారిదీ అప్ అండ్ డౌనే. జహీరాబాద్ మనిషి పట్నంవైపు, పట్నం మనిషి జహీరాబాద్ వైపు పోతూ నడిమధ్య దాటుకుంటారు. దీని దెబ్బ పల్లెవాసి మీదే పడుతున్నది. కాగితం పని మీద వచ్చిన రైతుకు సారు బస్సు వేళ కూడా తెలిసి వుండాలి. నాలుగు లోపు పోతేనే పని, తర్వాత రేపు రమ్మనే జవాబు. సారును పూర్తిగా తప్పుపట్టడానికీ లేదు. ఆయన పిల్లల చదువూ ఆయనకు వుంది.

దూరం తగ్గే రోజు వస్తుందని చాలాకాలంగా చెబుతున్నారు. న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో 12,635 ఎకరాల్లో నిమ్జ్ అన్నారు, 2016లో కేంద్రం ఆమోదం లభించింది. 2024 ఆగస్టులో జహీరాబాద్ పారిశ్రామిక నగరానికి 3,245 ఎకరాల్లో, 2,361 కోట్ల రూపాయల ఖర్చుతో కేంద్ర మంత్రివర్గం ఒప్పుకున్నది. పొలం ఇచ్చిన ఇంటి కొడుకే పటాన్‌చెరు బస్సులో నిలబడి పోవడం చూసేవారికి ఈ అంకెలు నోటికి వచ్చు. భూమి పోయాక చేతిలో మిగిలిన డబ్బుతో కాలనీలో ప్లాటు కొన్నవారూ వున్నారు.

భూమి మిగిలినవారికి ఇంకో చిక్కు. ఈ ప్రాంతపు అల్లం తవ్వకానికి వచ్చినప్పుడు సెలవు పెడితే ఆ రోజు కూలి పోతుంది, అటెండెన్స్ బోనసూ పోతుంది. పెట్టకపోతే తవ్వినవారికి ఇవ్వవలసింది అంతకు మించిపోతుంది. చాలామంది నైటు షిఫ్టు వేయించుకుని, పొద్దున బస్సు దిగి ఇంటికి పోకుండానే చేనుకు పోతున్నారు. షిఫ్టు వేళలకు సరిపడా బస్సులు నడపాలని, రాత్రి దిగే చోట ఒక లైటు, కూర్చోవడానికి నాలుగు బెంచీలు వేయించాలని కాలనీవాసులు కోరుతున్నారు.